యుద్ధకథలలో వినబడని కంఠములు

యుద్ధమును గూర్చి మనము చదువు గ్రంథములలో సేనానుల పేళ్లు, పట్టుకొనిన పట్టణములు, పేల్చిన ఫిరంగుల లెక్కలు కావలసినన్ని దొరకును. ఆ ఫిరంగి మ్రోగిననాడు ప్రక్కవీథిలో పొయ్యిమీద నున్న యన్న మేమయ్యెనో చెప్పు గ్రంథము అరుదు. అట్టివానిలో నొకటి శ్వెత్లానా అలెక్సియేవిచ్ రష్యను భాషలో వ్రాసిన ‘యుద్ధమునకు స్త్రీముఖము లేదు’ అనునది. 1985లో గ్రంథరూపమున వెలువడినది. రచయిత్రి 1948లో ఉక్రెయినులో జన్మించి, బెలారసు రాజధానియైన మిన్‌స్క్ నగరమున పత్రికారచన సాగించెను. 2015లో నోబెల్ బహుమానము నందెను. బహుమానము వచ్చినది గనుక గ్రంథము గొప్పదని చెప్పుట నా యుద్దేశము గాదు. ఇందు నన్ను కదలించినదియు, నాకు సందేహము కలిగించినదియు ఒక్కచోటనే యున్నవి. ఆ చోటును గూర్చియే వ్రాయుచున్నాను.

1941 మొదలు 1945 వరకు జరిగిన పోరాటమున సోవియటు సేనలలో ఎనిమిది లక్షలకు తక్కువ గాకుండ స్త్రీలు పనిచేసిరి. వీరందరు దాదులును వంటకత్తెలునని తలచువారు పొరపడుదురు. దూరమునుండి గురిచూచి కాల్చినవారు, మందుపాతరలను వెదకి తీసినవారు, విమానములు నడపినవారు వీరిలో గలరు. రాత్రివేళ బాంబులు వేయు దళమొకటి యుండెను. అందు విమానము నడుపువారును, దారి చూపువారును, యంత్రములు బాగుచేయువారును అందరు స్త్రీలే. వారికిచ్చిన విమానము కొయ్యతోను గుడ్డతోను కట్టినది; క్రొత్తవారికి విద్య నేర్పుటకై 1920ల చివర కల్పింపబడినది. జర్మనులు ఈ దళమునకు ‘రాత్రి మంత్రకత్తెలు’ అని పేరు పెట్టిరి. ఈ పేరు చాలమంది యెరుగుదురు. ఆ స్త్రీలు యుద్ధానంతర మెట్లు జీవించిరో యెరిగినవారు కొద్దిమంది.

అలెక్సియేవిచ్ వెదకినది ఆ రెండవ దానినే. 1970ల చివరినుండి ఊరూర తిరిగి, వందలకొలది స్త్రీలను వారి యిండ్లలోనే కలిసికొని, వారి మాటలను యంత్రమున కెక్కించి వ్రాసికొనెను. ఈ మార్గము ఆమె కనిపెట్టినది గాదు. జర్మనులు జనులతోగూడ తగులబెట్టిన బెలారసు పల్లెలలో మిగిలినవారి మాటలను అలేస్ అదమోవిచ్ మరి యిద్దరితో గూడి 1975లో నొక గ్రంథముగా నిచ్చియుండెను. ఆ ఋణమును ఆమె దాచలేదు.

గ్రంథమున ఆయుధములకంటె వస్తువులెక్కువ. పురుషుల కొలతకు కుట్టిన అంగీలు, కాలికి రెండింతలైన బూట్లు, పురుషుల లోవస్త్రములు ధరింపవలసిన సిగ్గు, సేనలో చేరిననాడే కత్తిరింపబడిన జడలు — ఇవి యేడులు గడచినను వారు మరవలేదు. తన బరువునకు మించిన క్షతగాత్రుని నేలమీద ఈడ్చుకొనివచ్చిన బాలిక తన సాహసమును గూర్చి నాలుగు మాటలైన చెప్పదు, బూట్లను గూర్చి మాత్రము ఎడతెగక చెప్పును. మొదట నాకిది విసుగనిపించినది. పిదప తెలిసినది: సాహసమును గూర్చి చెప్పుటకు వేరే జనులున్నారు, బూట్లను గూర్చి చెప్పుటకు ఆమె యొక్కతెయే యున్నది.

యుద్ధము ముగిసి యింటికి వచ్చినవారి కథ మరింత కటువైనది. పతకములు ధరించి వీథిలో నడచిన పురుషునికి నమస్కారములు లభించినవి. అదే పతకము ధరించిన స్త్రీని ‘సేనలో మగవారి నడుమ నీవేమి చేసితివో మాకు తెలియదా’ యను చూపుతో ఇరుగుపొరుగు స్త్రీలే చూచిరి. కావున పెక్కుమంది పతకములను పెట్టె యడుగున దాచిరి. పెండ్లి కాదేమో యను భయమున, గాయపడినట్లు తెలుపు కాగితములను సయితము పారవైచినవారు గలరు. వితంతువును, చదివిన యాడుదానిని ఇట్టి చూపుతోనే యేండ్లతరబడి చూచిన మన యిండ్లవారికి దీనిని వివరింప బనిలేదు.

ఇక నేను చెప్పదలచిన చోటు. ఒక యింట రచయిత్రి గృహిణితో మాటాడబోగా, ముందురాత్రి భర్త ఆమెకు యుద్ధచరిత్ర యంతయు వల్లెవేయించి, కన్నీళ్లును ఆడవారి చిల్లరమాటలును లేకుండ చెప్పుమని బోధించి యుండెను. మరియొక స్త్రీ మనసు విప్పి చెప్పినది. వ్రాతప్రతి పంపగా, తన మాటలలో పెక్కింటిని కొట్టివేసి, తనను గూర్చి పత్రికలలో వచ్చిన గౌరవవార్తలను జతచేసి తిరిగి పంపెను. ఒకే మనిషిలో రెండు సత్యములు. ఒకటి కూర్చుండబెట్టి చెప్పునది, ఒకటి పొయ్యి యొద్ద చెప్పునది. ఈ గ్రంథమునకు ప్రాణమిదియే.

అయితే నా సందేహమును ఇక్కడనే పుట్టినది. చెప్పినవారు వలదన్న మాటను అచ్చువేయుటకు రచయితకు హక్కెక్కడిది? మరియు ఇన్ని వందల కంఠములును చదువుచుండగా నడక యొక్కటిగా వినబడును. పల్లెటూరి దాదియు, పట్టణపు వైద్యురాలును ఒకే తీరున నిట్టూర్చి, ఒకేచోట ఆగుదురు. దిద్దిన చేయి కనబడుచున్నది. ముద్రణమునుండి ముద్రణమునకు ఆమె మాటలు మార్చుచు వచ్చినదని విమర్శకులు చూపిరి. ఆఫ్గను యుద్ధమును గూర్చిన ఆమె తరువాతి గ్రంథమున తమ మాటలు తారుమారయ్యెనని 1990ల యారంభమున మిన్‌స్క్ న్యాయస్థానమున వ్యాజ్యములు గూడ నడచినవి. కథయైనచో రచయిత స్వేచ్ఛ సరియే. సాక్ష్యమని చెప్పి పేరు, హోదా క్రింద అచ్చువేసినపుడు మార్చిన మాట యేదో చదువరికి తెలుపవలదా? దీనికి ఆమెయిచ్చిన సమాధానములు నాకు తృప్తినీయలేదు.

ఒక్క విషయమున మాత్రము ఆమె నిజాయితీకి తల వంచవలెను. సోవియటు ప్రభుత్వము పోయిన పిదప ముద్రించిన గ్రంథమున, తనిఖీయధికారి తీసివేయించిన భాగములను మరల చేర్చెను. స్త్రీశరీరధర్మములను గూర్చి వ్రాసి వీరవనితలను అవమానించుచున్నావని అతడు చేసిన యాక్షేపణను గూడ అచ్చువేసెను. అంతటితో నాగక, భయముచేతనో సంకోచముచేతనో తానే తీసివేసిన భాగములను వేరుగా చూపెను. తన పిరికితనమును తన గ్రంథముననే చేర్చిన రచయితలు ఎందరు గలరు?

మనకును ఇట్టి పని మిగిలియున్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. అంతకు ముందు 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడగా, కోరంగివారని పిలువబడిన మన తెలుగు కూలీలు భార్యాబిడ్డలతో బర్మా విడిచి పారిపోయి వచ్చిరి. దారిలో ఎందరో మరణించిరి. ఆ తరము ఇప్పుడు వ్రేళ్లపై లెక్కింపదగినంతయే మిగిలెను.

మా మేనత్తగారు ఆ ఏప్రిలులో విశాఖలో పదేండ్ల బాలిక. చాలకాలము క్రిందట నేనామె నడిగితిని. ఆమె కుమారుడు ప్రక్కన కూర్చుండి యుండెను. తేదీ చెప్పెను, విమానములు సముద్రమువైపునుండి వచ్చెనని చెప్పెను. అతడు కాఫీకై లోనికి పోగానే గొంతు తగ్గించి, బండి యెక్కునపుడు తల్లి ఆవుమెడలోని పలుపు విప్పి, దాని మెడ కౌగిలించుకొని చాలసేపు విడువలేదనియు, తండ్రి కోపపడెననియు చెప్పెను. ఆ యావు ఏమైనదని అడుగబోవుచుండగా కుమారుడు గ్లాసులతో వచ్చెను. ఆమె మరల తేదీ చెప్పెను.