బొమ్మ చూడకుండా చదివిన ‘ఏడు తరాలు’

అలెక్స్ హేలీ ‘రూట్స్’ గురించి అమెరికాలో ఎవరు మాట్లాడినా పుస్తకమూ టీవీ సీరియలూ కలిపే మాట్లాడతారు. తెలుగులో అలా జరగలేదు. మనకు ‘ఏడు తరాలు’ అంటే పుస్తకమే. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తన తొలిరోజుల్లోనే సహవాసి చేత ఆ పెద్ద నవలను బాగా కుదించి తెలుగు చేయించింది. హాస్టళ్లలో, సంఘాల గదుల్లో, టీచర్ల ఇళ్లలో అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారిన పుస్తకమది. దాన్ని చదివినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా సీరియల్ ముఖం చూసి వుండరు. ఈ తేడా చిన్నది కాదని మా అభిప్రాయం.

మేడ్చల్ రోడ్డు మీద పేట్ బషీరాబాద్‌లో ఒక అద్దె గదిలో కూచుని, ఈ పుస్తకాన్ని కొన్ని వారాల పాటు తిరిగి చదివాం. చదివినవాళ్లలో రిటైరైన టీచర్లున్నారు, జీడిమెట్ల కంపెనీల్లో పనిచేసేవాళ్లున్నారు, డిగ్రీ పిల్లలున్నారు, సంఘాల్లో తిరిగే ఆడవాళ్లున్నారు. చిన్నవాళ్లు కొందరు పుస్తకం కన్నా ముందు సీరియల్‌ని, 1977 నాటిదో 2016లో మళ్లీ తీసిందో, ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూసొచ్చారు. అంచేత ఒకే గదిలో రెండు రకాల పాఠకులు తయారయ్యారు. పుస్తకం నుంచి బొమ్మలు ఊహించుకున్నవాళ్లు కొందరు, బొమ్మ గుర్తుంచుకుని పుస్తకంలో దాన్ని వెతుక్కున్నవాళ్లు కొందరు. అభిప్రాయాలు తగాదా దాకా వచ్చింది ఇక్కడే.

ముందు ఒక సంగతి. ‘రూట్స్’ 1976 ఆగస్టులో పుస్తకంగా వచ్చింది. సీరియల్ 1977 జనవరి 23 నుంచి 30 దాకా, ఎనిమిది రాత్రులు వరసగా ఏబీసీలో వచ్చింది. దాదాపు 13 కోట్లమంది ఏదో ఒక భాగమైనా చూశారని లెక్క. పేరుకు నవల నుంచి తీసిన సీరియలే గానీ, డేవిడ్ వోల్పర్ సంస్థ హక్కులు కొనేనాటికి హేలీ ఇంకా రాస్తూనే వున్నాడు. రాత సాగుతుండగానే సీరియల్ పని మొదలైపోయింది. ఆ తర్వాత లక్షలమంది బొమ్మ చూసి పుస్తకం కొన్నారు. తెలుగులో ఒకప్పుడు సినిమా ఆడాక ‘వెండితెర నవల’ అమ్మినట్టు, వాళ్ల చేతుల్లో ‘రూట్స్’ బొమ్మ వెనక వచ్చిన నవలే అయింది. అదే 1977 జనవరిలో మన దగ్గర ఏముంది? 1975-76లో ఉపగ్రహ ప్రయోగం కింద కొన్ని పల్లెలకు పెట్టిన టీవీలు ఏడాదికే ఆగిపోయాయి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబరులో. కుంటా కింటే మన వాడల్లోకి నడిచొచ్చింది అచ్చులోనే.

సీరియల్ చూసొచ్చిన పిల్లల ఫిర్యాదు ఏమంటే, నవల మొదట్లో కథ కదలదని. జుఫూరే అనే ఆ గాంబియా ఊళ్లో పుట్టుక, పేరు పెట్టడం, మేకలు కాయడం, మగపిల్లల శిక్షణ, వానలు, పంటలు, ముసలవ్వల కథలు... ఇంగ్లీషు మూలంలో ముప్పైకి పైగా అధ్యాయాలు ఇదే సాగుతుంది. సీరియల్లో ఇదంతా తొలి రాత్రి సగంలోనే అయిపోయి ఓడ వచ్చేస్తుంది. చూసేవాడికి కావాల్సింది ఓడే కదా అన్నారు వాళ్లు.

మేం ఒప్పుకోం. పుస్తకం బలమంతా ఆ నిదానంలోనే వుంది. కుంటా పుట్టిన ఎనిమిదో రోజున తండ్రి ఒమోరో బిడ్డ పేరును ముందు బిడ్డ చెవిలోనే చెబుతాడు. తానెవరో మొదట తెలియాల్సింది ఆ మనిషికే అని వాళ్ల నమ్మకం. ఊరికి చెప్పేది ఆ తర్వాతే. దీన్ని మనసులో పెట్టుకుని చదివితేనే వర్జీనియాలో వాణ్ని ‘టోబీ’ అన్నప్పుడు ఏం పోయిందో తెలుస్తుంది. సీరియల్లో అందరికీ గుర్తుండేది పేరు ఒప్పుకునేదాకా కొరడాతో కొట్టే దృశ్యం. ఆ దృశ్యానికి ఏడవనివాళ్లు లేరు. అయితే అది దెబ్బను చూపినంతగా పేరును చూపలేదు. చూసినవాడికి కొట్టినవాడి మీద కోపం మిగులుతుంది. చదివినవాడికి తన పేరు మీద అనుమానం మొదలవుతుంది.

ఆ అనుమానం మా గదిలో చాలాసేపు నడిచింది. తెలంగాణ పల్లెల్లో మాల మాదిగల పేర్లు ఎవరి నోట ఎట్లా పలికాయో ఈ పత్రిక చదివేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తల్లి పెట్టింది ఎల్లయ్య అయితే దొర వాకిట్లో ఎల్లిగాడు. పోశమ్మ పోశి, లచ్చమ్మ లచ్చి. బడిలో చేర్చే రోజు పంతులు రాసిందే పేరు, వేసిందే పుట్టినరోజు. ఇక్కడ కొరడా అవసరమే రాలేదు. ఊరంతా కలిసి పిలిస్తే చాలు. ఒక పెద్దాయన తన సర్టిఫికెట్ పేరుకూ ఇంట్లో పిలిచే పేరుకూ సంబంధమే లేదన్నాడు. పుస్తకం మొదటిసారి చదివింది హాస్టల్లోనట. అప్పుడు అది ఎక్కడో సముద్రాల అవతలి కథ అనుకున్నాడట.

సీరియల్ ఇంకో పని చేసింది. బానిసల్ని మోసుకొచ్చే ఓడ కెప్టెన్‌కి ఒక మనస్సాక్షిని ఇచ్చింది. ఎడ్ ఆస్నర్ వేసిన ఆ కెప్టెన్ డేవిస్ భక్తిపరుడు, చేస్తున్న పనికి లోపల నలిగిపోతుంటాడు. నవల్లో ఈ బాధ ఎక్కడా లేదు. అక్కడ తెల్లవాళ్లు కుంటాకు ఎట్లా కనబడితే అట్లాగే వుంటారు: వాసన, పళ్లు, కర్ర, అర్థంకాని అరుపులు. వాళ్ల మనసులోకి వెళ్లే దారి లేదు, ఎందుకంటే ఓడ అడుగున గొలుసులతో పడున్నవాడికి ఆ దారి తెలవదు. సీరియల్ నిర్మాతలకు తెల్ల ప్రేక్షకులు టీవీ కట్టేస్తారని భయం. అందుకే జనానికి బాగా తెలిసిన తెల్ల టీవీ నటులను తెచ్చి ముందు పెట్టారు. ఎవరి కథ చెబుతున్నామో వాళ్ల కోసం కాక, ఎవరు నొచ్చుకుంటారో అన్న వాళ్ల కోసం చేసిన మార్పు ఇది. మన దగ్గర దీనికి పేరు వెతుక్కోనక్కర్లేదు. మంచి దొర. సినిమాలో, సీరియల్లో, పేరున్న నవలల్లో కూడా మన కథ మొదలవగానే ఆయన కండువా సర్దుకుంటూ వచ్చేస్తాడు.

బొమ్మ ఎప్పుడూ తగ్గిస్తుంది, పుస్తకం ఎప్పుడూ నిలబెడుతుంది అని మాత్రం మేం అనడం లేదు. ‘తమస్’ చూడండి. భీష్మ్ సాహ్ని నవలలో పందిని చంపిన చర్మకారుడు నత్థూ కొంత దూరం పోయాక కథలోంచి జారిపోతాడు. 1988లో దూరదర్శన్‌కి గోవింద్ నిహలానీ తీసినప్పుడు నత్థూనీ అతని భార్యనీ కథ పొడవునా నడిపించాడు. దేశ విభజన కథలో అంటరానివాడి చేత ఎవరు ఆ పని చేయించారు, దాని బరువు ఎవరి మీద పడిందన్న ప్రశ్న నవల కన్నా సీరియల్లోనే గట్టిగా నిలబడింది. కాబట్టి చూడాల్సింది కెమెరానా కలమా అని కాదు, అది ఎవరి పక్కన నిలబడిందన్నది.

ఇక ఎక్కువమంది చెప్పిన మాట: ఇది మన కథే. ఈ మాట 80ల నుంచీ వింటున్నాం. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత ఇంకా గట్టిగా విన్నాం. దానికి చరిత్ర కూడా వుంది. 1946లో అంబేద్కర్ డుబోయ్‌కి ఉత్తరం రాసి, నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న వినతిపత్రం ప్రతులు కావాలని అడిగాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకున్నది బ్లాక్ పాంథర్స్‌ని చూసే. అయినా, ఆ మాటను తొందరపడి అనేయడం వల్ల నష్టం వుంది. బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చిన అంబేద్కరే, ఒకటి కళ్లకు కనబడే బంధనమనీ రెండోది తాను బంధనమని ఒప్పుకోని బంధనమనీ తేడా చెప్పాడు. కుంటాకు ఒక జుఫూరే వుంది. ఎత్తుకొచ్చిన రోజుంది, ఓడ పేరుంది. మనల్ని ఏ ఓడా తేలేదు. వాడ వున్నది ఊరి పక్కనే, తరాల నుంచీ. దొర ఇంటి పొగ కనిపించేంత దూరం. తిరిగిపోవడానికి ఇంకో ఊరు లేదు. ‘ఏడు తరాలు’ చదివి ఏడ్చిన అగ్రకుల పాఠకులు చాలామందే వున్నారు, మాకు తెలుసు. ఆ ఏడుపు వర్జీనియా కోసం. తన ఊరి సుంకరి, బేగరి, నీరటి ఇళ్ల దాకా అది రాలేదంటే తప్పు పుస్తకానిది కాదు. అయితే ఆ పుస్తకం అతనికి ఒక వెసులుబాటు ఇచ్చిందన్న సంగతీ దాచలేం.

ఆడవాళ్లు కుంటా దగ్గర ఆగలేదు, కిజీ దగ్గర ఆగారు. కిజీ అంటే మండింకా భాషలో ‘ఇక్కడే వుండు’ అని అర్థం. ఎవరూ అమ్మకూడదని తండ్రి పెట్టిన పేరు. ఆ పిల్ల దొర ఇంటి పిల్ల దగ్గర రహస్యంగా అక్షరాలు నేర్చుకుంది. తను మనసిచ్చిన నోవా పారిపోవడానికి దొంగ పాసు రాసిచ్చింది. పట్టుబడింది, పదహారేళ్లకు అమ్ముడుపోయింది. అక్షరం వచ్చినందుకు అమ్మేశారు. చదువుకుంటే బతుకు మారుతుందని మన పిల్లలకు రోజూ చెప్పే మనం ఈ అధ్యాయాన్ని ఎట్లా చదవాలి? ఒక టీచరమ్మ దీన్ని క్లాసులో చెప్పాలంటే భయమేసిందట. కూతురు పోయిన రోజు కుంటా, అమావాస్య అమావాస్యకూ ఒక రాయి చొప్పున తన వయసు లెక్కపెట్టుకున్న సొరకాయ బుర్రను నేలకేసి పగలగొడతాడు. అతని దస్తావేజు అదొక్కటే. ఆ తర్వాత నవల్లో కుంటా కనబడడు. అతని కథ మిగిలింది కిజీ నోట్లో, ఆ తర్వాత హెన్నింగ్ ఊరి వరండాలో కూచుని ముచ్చట్లాడుకున్న ముసలమ్మల నోట్లో. ఏడు తరాల్ని మోసింది ఆడవాళ్లే. పేరు మాత్రం కుంటాకు, హేలీకి వచ్చింది. ఈ విమర్శ మాది కాదు, చదివిన ఆడవాళ్లది. మేం దానికి జవాబు చెప్పలేకపోయాం.

అసలు ఇది నిజమేనా అన్నది మరో ప్రశ్న. ఇది వచ్చినప్పుడు గది చల్లబడింది. 1977లోనే లండన్ ‘సండే టైమ్స్’ విలేఖరి మార్క్ ఒటావే, జుఫూరేలో హేలీకి వంశం చెప్పిన గ్రియో మాట నమ్మదగింది కాదని రాశాడు. ‘ది ఆఫ్రికన్’ నవల రాసిన హెరాల్డ్ కూర్లాండర్ తన పుస్తకంలోంచి ఎత్తాడని దావా వేస్తే, 1978లో హేలీ ఆరున్నర లక్షల డాలర్లిచ్చి రాజీ పడ్డాడు. ఓడ దిగింది 1767లో అయితే వాలర్ కుటుంబం కాగితాల్లో టోబీ అంతకు ముందునుంచే వున్నాడని వంశచరిత్రకారులు చూపారు. ఇవన్నీ పిల్లలకు చెప్పాల్సిందే. ఇతరుల రాతను ఎత్తడం తప్పే, అక్కడ సమర్థన లేదు. కానీ కాగితం కాదంది కాబట్టి కుంటా లేడు అనే వాదం వేరు. ఆ కాగితం ఎవరిది? ఆస్తి జాబితా రాసుకున్న యజమానిది. మనకూ అంతే. 1984లో రద్దయ్యేదాకా పటేల్ పట్వారీ దఫ్తరంలో వున్నదే ఊరు. ఇప్పుడు పేట్ బషీరాబాద్ పేరు పేపర్లో కనబడేది జర్నలిస్టుల సొసైటీ స్థలం గొడవగా. అటువంటి కేటాయింపుల జీవోలను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ నేల మీద ముందెవరు పశువులు కాశారో ఏ జీవో చెప్పదు.

గ్రియో అనగానే ఆఫ్రికా వైపు చూడక్కర్లేదు. మాదిగల ఇంటికి డక్కలివాళ్లు వచ్చి పటం విప్పి జాంబపురాణం చెప్పేది, వంశం పాడేది. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య ఆ డక్కలి కులంవాడే. ఆ పాటలో ఎంత నిజం ఎంత కల్పన అని లెక్కతీసే ముందు, దానికి త్యాగం కట్టి విన్నవాళ్లకు అది ఏం పని చేసిందో తెలుసుకోవాలి. పుస్తకాల్లో ఆ దారి పట్టింది కల్యాణరావు ‘అంటరాని వసంతం’, 2000లో వచ్చింది. తరాల కథను అక్కడ గుర్తుచేసుకునేది రూతు. పాఠకులు దాన్ని ‘ఏడు తరాలు’ పక్కన పెట్టడం సహజమే. అయితే రూతు ఏ కాగితాన్నీ సాక్ష్యానికి పిలవదు. ఆ ధైర్యం హేలీకి లేకపోయింది.

చివరి రోజు కుర్రవాళ్లు అన్నది, మన తరాల కథను ముందే వెబ్ సీరీస్‌గా రాసి, అది ఆడితే ఆ తర్వాత నవల చేద్దామని. ఇప్పుడు చదివేవాళ్లెవరు, చూసేవాళ్లే కదా అని వాళ్ల వాదం. అందులో నిజముంది. మేం అడిగింది ఒకటే: డబ్బు పెట్టేవాడు మూడో ఎపిసోడ్‌కల్లా ఒక మంచి దొరను పెట్టమంటే? పెట్టమని అనరు అని ఒకరు, పెట్టినా మన కథ వస్తుంది కదా అని ఇంకొకరు. తెగలేదు. ఆ వారం ప్రతి ఒక్కరూ ఇంట్లో అడిగి వెనక తరాల పేర్లు రాసుకు రావాలనుకున్నాం. చాలామంది మూడో తరం దగ్గర ఆగిపోయారు. ముత్తాత పేరు దొరికినచోట కూడా ముత్తవ్వ పేరు దొరకలేదు. ఒక అమ్మాయి మాత్రం ఐదు తరాలు రాసుకొచ్చింది, అన్నీ అమ్మ వైపువే.