శుభలేఖయు ఖర్చుల చిట్టాయు

మన సంస్కరణ నాటకములలో రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో నొక విషయము తేటపడును. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’న సొమ్ము వరుని చేతినుండి కన్యతండ్రికి పోవును. కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’న కన్యతండ్రి చేతినుండి వరుని తండ్రికి పోవును. మొదటిది 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెద్ద మార్పులతో మరల వెలువడినది. రెండవది 1920 దాటిన పిమ్మట వచ్చినది. ఈ నడిమి కాలమున ప్రవాహము దిక్కు మారినది గాని, రెండు చోట్లను పుచ్చుకొనువా డొక్క డున్నాడు. ఒకచోట అగ్నిహోత్రావధానులు, ఒకచోట సింగరాజు లింగరాజు. ప్రేక్షకులు వారిని చూచి నవ్విరి, ఏవగించుకొనిరి. ఆ నవ్వే సంస్కరణమునకు సాధనమైనది.

నేటి పెండ్లిలో నీ రెండింటికిని చెందని మూడవ సొమ్మొకటి యున్నది. కట్నము పోయినదని నే ననను. 1961 నాటి నిషేధము చట్టపుస్తకములో నున్నది, కట్నము ఇండ్లలో నున్నది. నేను చెప్పునది కట్నము లెక్క ముగిసిన పిమ్మట మొదలగు లెక్కను గూర్చి. ఈ సొమ్ము కన్యతండ్రికి దక్కదు, వరుని తండ్రికిని దక్కదు. ఫంక్షన్ హాలునకు, మండపము పూలకు, కెమెరాలకు, విందునకు పోవును. తీసికొనువారిలో దుర్మార్గు డెవ్వడును లేడు. అందరును పని చేసి కూలి పుచ్చుకొనువారే. నవ్వుటకు లింగరాజు దొరకడు. ఈ యాచారమును విమర్శించుట యందుచేతనే కష్టము. చట్టమునకు గూడ నిది చిక్కలేదు. పెండ్లికి అయిదు లక్షలకు మించి వెచ్చించువారు అందులో పదవవంతు పేదకన్యల పెండ్లిండ్ల నిమిత్త మియ్యవలెనని రంజీత్ రంజన్ గారు లోకసభలో పెట్టిన 2016 నాటి బిల్లు చట్టము గాకయే పోయినది.

మా సైదాబాదున మాఘము మొదలు జ్యేష్ఠము వరకు శుభలేఖలు గుట్టలుగా వచ్చి పడును. కావ్యమును చదివినట్లు శుభలేఖను చదువుట ఉపాధ్యాయుని దురభ్యాసము కావచ్చును. కాని దానిలో నొక వింత కలదు. సుముహూర్తము ‘రాత్రి 9 గంటల 12 నిమిషములకు’ అని నిమిషముతో సహా అచ్చువేయుదురు. దాని క్రిందనే ‘విందు 7 గంటల నుండి’ అని యుండును, ఎంతవరకో యుండదు. గ్రహముల కాలమునకు లెక్క యున్నది గాని వచ్చిన మనుష్యుల కాలమునకు లేదు. ఇరుగుపొరుగు ముస్లిము సోదరులు పంపు ఉర్దూ పత్రికలలో ‘బాద్ నమాజె ఇషా’ అని యుండును. ఆ నమాజు ముగిసి ఎంత ప్రొద్దుపోయినను పళ్లెము ముందునకు రాదు. పాతబస్తీలో అర్ధరాత్రి దాటిన పిమ్మట భోజనము లగుటను వారి మతపెద్దలే పలుమారులు ఖండించిరి.

దీనికి పంచాంగమును గూడ కొంత తప్పుపట్టవలసి యున్నది. ఆషాఢము పనికిరాదు, మౌఢ్యము పనికిరాదు, శూన్యమాసము పనికిరాదు. వారికిని రంజాను, మొహర్రము విడువవలసిన నెలలు. మిగిలిన కొద్ది దినములలోనే ఊరంతయు పెండ్లాడవలెను. ఒక్క రాత్రి చంపాపేట త్రోవలో హాళ్లన్నియు దీపములతో వెలుగుచుండ, పురోహితుడు ఒక పెండ్లినుండి మరియొక పెండ్లికి పరుగిడును, వంటవాండ్రును అంతే. కోరినవా రెక్కువ, దినములు తక్కువ. హాలు అద్దె పెరుగక యేమగును? ఇంత వెలపెట్టి కొన్న ముహూర్తము వచ్చి, జీలకర్ర బెల్లము చేతబట్టు క్షణమున, ‘ఒక్క నిమిషము పంతులుగారూ!’ అని కెమెరావాడు చేయి యెత్తును. పంతులుగారు ఆగుదురు. తొమ్మిది గంటల పండ్రెండు నిమిషములు దాటిపోవును. జ్యోతిశ్శాస్త్రమును నమ్మువారి కిది అపచారము. నమ్మనివారి కీ ముహూర్త మెందులకు?

వస్త్రముల మాట. పెండ్లినాడు వధూవరులు కట్టు తెల్లని అంచు నూలుబట్టలను మనవారు మధుపర్కము లందురు. గృహ్యసూత్రములలో మధుపర్కమనగా ఇంటికి వచ్చిన వరుని కిచ్చు పెరుగు తేనెల పానీయము. ఆ గౌరవముతో పాటు ఇచ్చు బట్టకు ఆ పేరే పట్టినది. అనగా, కర్మకు కావలసిన వస్త్రము అతిథికి మర్యాదగా నిచ్చు నూలుబట్ట. పసుపు అద్దినచో చాలును. నేడు హల్దీకి పచ్చనిది, మెహందీకి ఆకుపచ్చనిది, సంగీతమున కొకటి, రిసెప్షన్ కొకటి. కన్నెపిల్ల తల్లి పత్తర్‌గట్టీ దుకాణములలో దినములు గడపును. పట్టుచీర మీద నాకు ద్వేషము లేదు. గద్వాల చీరగాని పోచంపల్లి చీరగాని నేతగాని యింట నన్నము పెట్టును, ఇరువది యేండ్లు పెట్టెలో నుండి కూతురికి వచ్చును. ఒక్క సాయంకాలము ఛాయాచిత్రమునకై అద్దెకు తెచ్చు లెహంగా మాట వేరు.

ఇక చిట్టా. మా పేటలో చిన్న యుద్యోగి యొకరు, వారి అమ్మాయి నా శిష్యురాలు, పెండ్లి లెక్క సరిచూడు మని నాచేతి కిచ్చిరి. మండపము పూలు, డ్రోను కెమెరా, ఎనిమిదివందల మందికి భోజనములు. ప్లేటు ఆరువందల రూపాయలైనను అదొక్కటే 4,80,000. తెలంగాణ ప్రభుత్వము 2014లో 51,000తో నారంభించి 2018లో 1,00,116కు పెంచిన కల్యాణలక్ష్మి సహాయము ఆ లెక్కన 166 ప్లేట్లకు సరి. చిట్టా అడుగున ‘బి.ఎడ్. ఫీజు’ అని వ్రాసి కొట్టివేసి యుండెను. ఎనిమిదివందలను నాలుగువందలు చేయరాదా యని యడిగితిని. ‘హాలుకు బయానా ఇచ్చిన సార్. ఇంక తగ్గేదేముంది? నలుగురు ఏమనుకుంటరు?’ అనెను. ఆ నలుగురిలో నేనును ఒకడను. ఆ కొట్టివేత నా భోజనమునకు గూడ పనికివచ్చినది. చదువు వచ్చే యేడు చూతమని తల్లి చెప్పెను. అమ్మాయి ప్రక్కనే నిలిచి యుండెను, ఏమియు ననలేదు. ఆమె నెవ్వరును అడుగనులేదు.

వివాహమునకు నిజముగా నేమి కావలెను? 1955 నాటి హిందూ వివాహ చట్టము ఏడవ సెక్షనులో ఆచారవిధులను, సప్తపది యున్నచోట ఏడవ యడుగును చెప్పినది. వివాహము ఆటపాటలకు, విందులకు సందర్భము కాదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టముగా ననినది. నికాహునకు సమ్మతి, ఇద్దరు సాక్షులు, మెహరు. వీనిలో దేనికిని డ్రోను అక్కరలేదు.

వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము చేయించినప్పుడును ఏర్పాట్లు చేసిరి; పెద్ద ఏర్పాట్లే. అవి పూలనుగూర్చినవి కావు. వచ్చువా రెవరు, వెలికి వెరవనివా రెవరు, అల్లరి జరిగినచో రక్షణ యేది యని. నీళ్లు మోయువారు, వంటవారు వెలి భయముచే మానుకొన్న కాలమున రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు తెచ్చిరని ప్రసిద్ధి. నలుగురు ఏమనుకొందురను ప్రశ్న ఆ యింటికిని వచ్చినది.

బంధువులు కలిసి భోజనము చేయుట, పిల్లలు పరుగులెత్తుట, సన్నాయి వినుట, ఇవి లేని పెండ్లి నాకును ఎండుగనే తోచును. పెండ్లిండ్లపై బ్రతుకువారు వేలకొలది కలరనుటయు నిజమే. నాకు కావలసినది వరుస మారుట. ఇప్పుడు మొదట హాలు, పిమ్మట జనసంఖ్య, పిమ్మట అప్పు, కట్టకడపట అమ్మాయి చదువు. చిట్టా వ్రాయునాడు వధూవరులిద్దరు కూర్చుండి, తమ చదువులకు, కాపురమునకు కావలసినది ముందుగా తీసిపెట్టి, మిగిలినదానికి సరిపడునంతమందిని పిలువవలెను. ఆ శుభలేఖలో ముహూర్తమునకు వేసినట్లే విందు ముగియు వేళకును నిమిషములు వేయింపుడు. ముసలివారు, మరునాడు పరీక్ష గల పిల్లలు దానిని చూచుకొని ఆటో మాటలాడుకొందురు.