చెయ్యి కింద నుంచి చాపాలి

వీధి కుక్కను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది చెయ్యి ఎలా చాపాలన్నది. మనకేమో తల నిమరాలనిపిస్తుంది. పైనుంచి దిగే చెయ్యి అంటే దానికి తెలిసింది కర్ర, రాయి. చెప్పు సరిచేసుకోవడానికి వంగినా రాయి తీస్తున్నామనుకుని పరుగెడుతుంది. అందుకే నేల మీద కాస్త పక్కకు తిరిగి కూర్చోవాలి. కళ్లలోకి సూటిగా చూడకూడదు. అరచెయ్యి కిందుగా పెట్టి, అదే వచ్చి వాసన చూసేదాకా ఆగాలి. ముందు గడ్డం కింద, తర్వాత ఛాతీ మీద తాకాలి. తల సంగతి ఆ తర్వాత.

నాకు ఇదంతా మా చుక్కి నేర్పింది. బండి గుద్ది వెనక కాలు విరిగి, పుండుకు పురుగులు పట్టి కాలవ గట్టున పడి ఉంటే తెచ్చాం. డాక్టరుగారు పురుగులు తీసి కట్టు కట్టారు, పిడుదుల వల్ల వచ్చిన జ్వరానికి మందులిచ్చారు. కాలు నయమైనంత తొందరగా భయం పోలేదు. మంచం కింద మూలకు నక్కేది. పెరుగన్నం పెడితే మేం గది దాటాకే ముట్టేది. చీపురు చూస్తే ఒణికిపోయి ఉచ్చ పోసేసేది. మా అమ్మ ఆ చీపురును దాని ఎదుటే నేల మీద పడేసి, చుట్టూ బిస్కెట్టు ముక్కలు పెట్టేది. రోజూ అదే పని, విసుగు లేకుండా. చివరికి ఒక మధ్యాహ్నం చుక్కి ఆ చీపురు మీదే తల ఆనించి నిద్రపోయింది.

ఇంత అన్నం పెడితే కుక్క విశ్వాసంగా పడి ఉంటుందని అంటాం. అది సగం మాటే. కోల్‌కతా ఐసర్ అనే శాస్త్ర పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధి కుక్కల మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. కొత్త మనిషి కొన్నిటికి తిండి పెట్టాడు, కొన్నిటిని నిమిరాడు. పదే పదే కలిశాక, ఎక్కువ నమ్మకంతో దగ్గరికొచ్చినవి నిమిరించుకున్న కుక్కలే. 2015లో జపాన్ శాస్త్రవేత్తలు ఇంకో సంగతి చూపించారు: పెంచిన మనిషి, కుక్క ఒకరినొకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుంది. తల్లీబిడ్డల మధ్య మమతను పెంచేదీ ఆ హార్మోనే. మొదట్లో చూపు తిప్పుకోవాల్సిన ఆ కళ్లలోకే తర్వాత తనివితీరా చూడొచ్చు. ఆ రోజు ఎప్పుడొస్తుందో కుక్కే చెప్పాలి, మనం తొందరపెట్టకూడదు.

కుక్క పట్ల మనిషి తీరును మన పాత కథలూ అడిగాయి. నన్నయ భారతంలో ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే ఆడకుక్క వస్తుంది. తన పిల్లను జనమేజయ మహారాజు తమ్ముళ్లు ఊరికే కొట్టారని అది ఆ రాజును నిండు యాగశాలలో నిలదీస్తుంది. భారతం చివర్లో ధర్మరాజు, వెంట నడిచొచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. కుక్క వెంట రావడం ఎప్పుడూ ఉన్నదే. ఆ కథలో పరీక్ష మనిషికి. నిజం ఇళ్లలోనూ అంతే.

ఇల్లు మారుతున్నామనో, బిడ్డ పుట్టిందనో పెంచిన కుక్కను మళ్లీ వీధిలో దించేసేవాళ్లున్నారు. మొదటిసారి వీధిలో ఉన్నప్పుడు దానికి మనిషి మీద ఆశ లేదు. ఈసారి ఉంది. అందుకే దించిన చోటే నిలబడి, వచ్చే ప్రతి బండినీ చూస్తుంది. భయాన్ని పోగొట్టి నమ్మకం నేర్పింది మనమే కాబట్టి, ఆ ఎదురుచూపుకు బాధ్యతా మనదే.

బాగా చూసుకుంటే కుక్క 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. ఏటా రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ముసలితనంలో కీళ్ల నొప్పులు, రాత్రి లేచి బయటికి తీసుకెళ్లడం, అన్నీ అందులో భాగమే. తెచ్చుకునే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. ఊరెళ్తే ఎవరు చూస్తారో, ఇల్లు మారితే ఎలాగో తేల్చుకోండి. అంతా సరేననుకుంటే అప్పుడు వెళ్లి తెచ్చుకోండి, ఇక వదలకండి.