ఊరెళ్లేటప్పుడు బ్యాటరీ సగమే ఉండనివ్వండి

ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి వద్దామని అమెరికా విమానమెక్కే పెద్దవాళ్లు బయల్దేరే ముందు గ్యాస్ కట్టేస్తారు, నీళ్ల మోటారు స్విచ్ ఆపుతారు, ఎలక్ట్రిక్ స్కూటర్‌కు ఫుల్ ఛార్జింగ్ పెట్టి కవరు కప్పుతారు. ఈ చివరి పని వెనక పాత అనుభవం ఉంది. ఇన్వర్టర్, ట్రాక్టర్ బ్యాటరీలు మనకు నేర్పింది అదే. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి పాడవుతుంది. దాన్ని నిండుగానే ఉంచాలి.

స్కూటర్‌లో ఉండే లిథియం బ్యాటరీ సంగతి వేరు. అందులో ఛార్జింగ్ నిండుగా ఉంటే లోపలి ద్రావణానికీ ఎలక్ట్రోడ్లకూ మధ్య రసాయన చర్య మెల్లగా సాగుతూనే ఉంటుంది. ఛార్జిని మోయాల్సిన లిథియంలో కొంత పొరగా మారి అక్కడే చిక్కుకుపోతుంది. వేడి తోడైతే ఆ చర్య ఇంకా జోరందుకుంటుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే మన ఊళ్లలో, రేకుల షెడ్డు కింద ఫుల్ ఛార్జింగ్‌తో నిలబెట్టిన బండి ఒక్క కిలోమీటరు తిరగకుండానే ముసలిదవుతుంది.

అలాగని ఖాళీ చేసి వదలకూడదు. తాళం తీసేసినా లోపలి బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్), జీపీఎస్ కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. సెల్ వోల్టేజీ మరీ దిగజారి అలాగే ఉండిపోతే లోపలి రాగి రేకు కరుగుతుంది. అలాంటిదాన్ని మళ్లీ ఛార్జ్ చేస్తే ఆ రాగి పేరుకుని షార్ట్ కావచ్చు. దాన్ని ఇంట్లో బతికించాలని చూడకుండా సర్వీస్ సెంటర్‌కు అప్పగించడమే క్షేమం.

అందుకే ఎక్కువ రోజులకు ఊరెళ్లాల్సి వస్తే ముందునుంచే ఛార్జింగ్ తగ్గిస్తూ వస్తాను. బయల్దేరే నాటికి మీటరు 50 శాతం దగ్గర ఉండాలి. బ్యాటరీ ఊడివచ్చేదైతే పొయ్యికీ, ఎండకీ, గుమ్మం దారికీ దూరంగా చల్లని గదిలో పెడతాను. ఊడిరానిదైతే బండిని నీడకు చేర్చి, బ్యాటరీ కనెక్షన్ ఆపే ఎంసీబీ స్విచ్ ఉంటే ఆపేస్తాను. ఛార్జర్ ప్లగ్గు మాత్రం తప్పకుండా పీకేస్తాను. నెలల తరబడి వెళ్తే పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి, నెలకోసారి మీటరు చూడమని, 30 దాకా పడితే మళ్లీ సగానికి ఎక్కించమని చెప్పి వెళ్తాను. కంపెనీ పుస్తకంలో మరో అంకె ఉంటే దాన్నే పాటించాలి.

బండి మొత్తంలో ఖరీదైన భాగం బ్యాటరీయే. దాని కోసం ఎక్కడో నేలను తవ్వి లిథియం, రాగి తీశారు. తిరిగినన్నాళ్లూ తిరిగి అరిగిపోతే దాని పని అది చేసినట్టే. ఊరికే నిలబడి చెడిపోవడం మాత్రం నాకు బాధగా ఉంటుంది. బండి కొనేటప్పుడు ఒక్క ఛార్జింగ్‌కు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అందరం అడుగుతాం. బ్యాటరీ ఏ రకమో, వాడనప్పుడు ఎంత ఛార్జింగ్‌తో ఉంచాలో కూడా ఆ రోజే అడిగి రాసిపెట్టుకోండి.