గచ్చు పూసిన చేయి
ఫ్లోరెన్సులోని మెడిచి రిక్కార్డి భవనానికి వచ్చేవారి అడుగులు మేడమీది ప్రార్థనా మందిరం వైపే సాగుతాయి. కోసిమో మెడిచి కోసం 1444లో కట్టడం మొదలైన ఇల్లు ఇది. 1459లో బెనొజ్జో గొజ్జోలి ఇక్కడ తూర్పు దేశపు జ్ఞానుల ఊరేగింపు చిత్రించడం ప్రారంభించాడు. ఎన్ని గుర్రాలు, ఎంత బంగారు రేకు! టోపీమీద పేరు రాసుకుని చిత్రకారుడు కూడా ఆ గుంపులో నిలబడ్డాడు.

గచ్చు పూసిన మేస్త్రి పేరు గోడమీద లేదు.

తడి గచ్చుమీద వేసే ఇలాంటి బొమ్మకు, అంటే ఫ్రెస్కోకు, ప్రాణం ఆ చేతిపనే. సున్నం, ఇసుక కలిపి ముందు గరుకు పూత వేస్తారు. ఆపైన నున్నటి పూత, అదీ ఆ రోజుకు రంగు వేయగలిగినంత మేరకే. మిగిలితే సాయంత్రానికి ఆరిపోతుంది, గీకి పారేయాల్సిందే. తడిమీద వేసిన రంగును సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని గట్టిపడుతూ తనలో బంధిస్తుంది. ఆకాశమైతే పెద్ద మేర ఒక్కరోజులో పూర్తవుతుంది, ఒక్క ముఖానికే రోజంతా పట్టవచ్చు. నిన్నటి పూత అంచును ఏటవాలుగా కోసి, నేటి పూతను దానికి అతకాలి. అక్కడ తాపీ తడబడితే బొమ్మ చెడుతుంది.

ఇంత నేర్పున్న పనిని చిత్రకళతో సమానంగా గౌరవించాలి. ఫ్రెస్కోలున్న ఏ భవనానికి వెళ్లినా ముఖాల చుట్టూ ఆ సన్నని అతుకుల కోసం వెతికి చూడండి.