విప్పడానికి వీలైన బిగువు

కూరల కత్తి పనికిరాకుండా పోయిందంటే చాలాసార్లు పాడయ్యింది పిడే తప్ప కత్తి కాదు. పదును పోతే సానరాయి ఉంది. పిడి కదిలితే మాత్రం కొత్త కత్తి కొనేస్తున్నాం. నిజానికి పిడి, దాని మూతికి తొడిగే పొన్ను, పిడికీ బ్లేడుకీ మధ్య నిలిచే అడ్డుబిళ్ల, అన్నిటినీ కలిపి పట్టే రివిట్లు ఇంటి వసారాలో కూర్చుని చేసుకోగలిగినవే. ఒక వైసు, హాక్సా, చేతి డ్రిల్లు, రెండు మూడు ఆకురాళ్లు, చిన్న సుత్తి, ఉప్పుకాగితం ఉంటే చాలు. ఈ విద్యను తీర్చిదిద్దిన పాతకాలపు పనివాళ్లు యంత్రాలు లేకుండానే చేశారు. వాళ్లు పాటించిన సూత్రం ఒక్కటే: వాడుతున్నంతసేపూ కదలకూడదు, బాగు చేయాల్సి వస్తే విడిపోవాలి.

జపాన్ కత్తుల్లో ఈ సూత్రం స్పష్టంగా కనిపిస్తుంది. బ్లేడు మొదట్లో హబాకి అనే చిన్న లోహపు తొడుగు ఉంటుంది, ఎక్కువగా రాగిది. ఒరలో కత్తి జారకుండా పట్టి ఉంచేది అదే. పిడిలోకి దిగే ఇనుప తోకను నిలిపేది మామూలు వెదురు మేకు. ఆ మేకును తట్టి బయటికి తీస్తే పిడి, అడ్డుబిళ్ల, హబాకి దేనికది ఊడి వస్తాయి. అందుకే వందల ఏళ్లనాటి బ్లేడుకు ఎన్నిసార్లయినా కొత్త పిడి తొడగగలిగారు. ఈ అమరికలు చేసేవాళ్ల పనితనం ఎంతటిదంటే, మెయిజీ ప్రభుత్వం తన తొలి నాణేల నమూనాల పనిని కత్తి అమరికల కళాకారుడు కానో నాత్సువోకి అప్పగించింది. 1876లో కత్తి ధరించడంపై నిషేధం వచ్చాక ఇలాంటి పనివాళ్లు ఎందరో ఇతర లోహపు కళల వైపు మళ్లారు.

మన దేశంలో వెదురు మేకు పని లక్క చేసింది. తల్వారు పిడి బోలుగా ఉంటుంది. అందులో కరిగిన లక్క నింపి తోకను దింపేవారు. చల్లారితే రాయిలా పట్టేస్తుంది, మళ్లీ కాస్త వేడి తగిలితే వదిలేస్తుంది. మనం ఏటికొప్పాక బొమ్మల మీద చూసే లక్క కూడా ఇదే. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. ఉక్కుకు వచ్చిన ఆ పేరు పిడి బిగించినవాడికి రాలేదు.

ఇక ఇంట్లో పని. ముందు అడ్డుబిళ్ల, ఎందుకంటే ఓపికంతా ఇక్కడే కావాలి. నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఇత్తడి ముక్క మీద తోక వెడల్పు గీసుకోవాలి. తోక మందం కన్నా కాస్త సన్నటి రంధ్రాలు ఆ గీత పొడవునా వరసగా వేసి, వాటి మధ్య మిగిలిన గోడలను సన్న ఆకురాయితో తీసేయాలి. తర్వాత తోకను దీపపు మసికి పట్టి, బిళ్లలోకి దూర్చి, బయటికి తీసి చూడాలి. మసి అంటిన చోటే లోహం అడ్డుపడుతోంది. అక్కడ మాత్రమే రెండు రుద్దులు రుద్ది, మళ్లీ మసి, మళ్లీ దూర్చడం. తొందరపడి ఒక్కసారి ఎక్కువ రుద్దితే పడిన సందును ఏ మెరుగూ దాచలేదు.

పొన్నుకు పాత రాగి గొట్టం ముక్క సరిపోతుంది. రాగి బిరుసుగా ఉంటే మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచాలి. ఉక్కుకు ఇలా చేస్తే గట్టిపడుతుంది కానీ, రాగి మెత్తబడుతుంది. కర్ర మూతిని కాస్త వాలుగా చెక్కి పొన్నును తట్టి ఎక్కించాలి. ఇనప పొన్ను అయితే కాల్చి తొడుగుతారు, బండి చక్రానికి పట్టా వేసినట్టే. చల్లారేకొద్దీ అది ముడుచుకుని కర్రను బిగిస్తుంది.

పిడికి బాగా ఎండిన తుమ్మ లేదా టేకు మంచిది. పచ్చికర్ర ఎండాక ముడుచుకుని వదులవుతుంది. గేదె కొమ్మూ వాడుకోవచ్చు. ఏనుగు దంతం, జింక కొమ్ము జోలికి మాత్రం పోకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. లక్కలో మెత్తటి ఇటుక పొడి కలిపి రంధ్రంలో నింపి, తోకను వేడిచేసి దింపాలి. ఆ వేడి బ్లేడుకు పాకకుండా తడిగుడ్డ చుట్టాలి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే గట్టిదనం తగ్గినట్టే. రివిట్లతో బిగించే పిడి అయితే, రివిటును ఒక్క దెబ్బలో అణచకుండా, అంచుల చుట్టూ చిన్న దెబ్బలతో పరుచుకోనివ్వాలి. లేకపోతే కర్ర చీలుతుంది.

ఇప్పటి ఎపాక్సీ జిగురు వీటన్నిటికన్నా గట్టిది. మరిగే నీళ్లలో కడిగే కత్తికి అదే మేలు కూడా, ఎందుకంటే లక్క అంతకన్నా తక్కువ వేడికే మెత్తబడుతుంది. కానీ జిగురు సందులను పూడ్చి నాసి పనిని కప్పిపుచ్చుతుంది. బాగు చేయాల్సి వచ్చిన రోజున పిడిని పగలగొట్టాల్సి రావచ్చు. మేకు, పొన్ను అలా దాచనివ్వవు. కుదురుగా కూర్చినప్పుడే అవి నిలుస్తాయి. వాటి విలువ అదే.

మీ వంటింట్లో పిడి ఊగే కత్తి ఒకటి ఉండే ఉంటుంది. పారేయకండి. ముందు దానికి కొత్త పొన్ను తొడిగి చూడండి.