రాక్స్‌బరో పటములలో కుందేటికొమ్ములు

బేతంచెర్ల బండలను ఎరుగని తెలుగువారు అరుదు. అట్టి రాతినేలలలో పెరుగు కుందేటికొమ్ములను ఎరిగినవారు మాత్రము తక్కువ. నాలుగు పలకలుగల కండకాడ, సన్నని కొనలయందు చిన్న పువ్వులు, ఉన్నవో లేవో అన్నట్లు ఆకులు: ఇంతే ఆ మొక్క. దీనిని శాస్త్రలోకమునకు చూపినది 1795లో లండనులో అచ్చయిన 'కోరమాండల్ తీరపు మొక్కలు' మొదటి సంపుటములోని 30వ పటము.

గ్రంథకర్త విలియం రాక్స్‌బరో తూర్పు ఇండియా కంపెనీ వైద్యుడు. 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో నుండి, మొక్కలను సేకరించి స్వదేశ చిత్రకారులచేత వ్రాయించెను. లండనుకు పంపిన పటములనుండి సర్ జోసెఫ్ బాంక్స్ ఎన్నిన 300 పటములు మూడు సంపుటములుగా వెలువడినవి.

ఈ పటములలో నీడలు తక్కువ, ఆకులు కాగితమునకు అదిమినట్లు చదునుగా నుండును అను ఆక్షేపణ కలదు. శాస్త్రమునకు దానివలన నష్టము లేదు. ఆకు అంచు, ఈనెలు స్పష్టముగా కనబడుటయే కావలసినది. లిన్నేయస్ పద్ధతిలో మొక్కను గుర్తించుటకు కేసరములను, కీలములను లెక్కింపవలెను గనుక పుష్పభాగములను విప్పి వేరుగా గీసిరి. కుందేటికొమ్ములలో ఈ పని మిక్కిలి కష్టము. కేసరములు కీలాగ్రముతో అతుకుకొని యుండును. పుప్పొడి పొడిగా రాలదు. మైనపు ముద్దలై, పూవుపై వాలిన ఈగకు తగులుకొని పోవును. గోరంత పువ్వులో దీనిని గీసిన చేయి సామాన్యమైనది గాదు.

అసలు లోపము వేరు. తెల్లకాగితముపై మొక్క ఒంటరిగా నిలుచును. ప్రక్కన బండ లేదు, ముళ్లపొద లేదు. పటమును మాత్రమే చూచిన విద్యార్థికి దీనిని ఎక్కడ వెదకవలెనో తెలియదు.

ఇంతకంటె పెద్ద లోపము మరియొకటి. పటముపై మొక్క పేరు కలదు, వ్రాసినవాని పేరు లేదు. తరువాత మద్రాసు రాజధానిలో పనిచేసిన రాబర్ట్ వైట్ ఈ విషయమున న్యాయముగా నడచెను. అతని చిత్రకారులు రంగయ్య, గోవిందులను లోకమెరుగును. 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరనే 'గోవిందూయియా' అని పేరిడెను. వర్గీకరణము మారి ఆ పేరు నేడు వాడుకలో లేకపోయినను, చిత్రకారునకు దక్కిన గౌరవము గ్రంథములలో నున్నది.

సామర్లకోట చిత్రకారుని పేరు పోయినను తెలుగుమాట యొకటి మిగిలినది. రాక్స్‌బరో ఈ మొక్కకు 'కారల్లం' అను తెలుగు పేరు వ్రాసికొనెను. రాబర్ట్ బ్రౌన్ దానినే ప్రజాతినామముగా 'కారల్లుమా' చేసెను. (అరబ్బీ మాటనుండి పుట్టినదనువారును కలరు. గ్రంథములోనే తెలుగుమాట కనబడుచుండగా అంతదూరము పోనక్కరలేదు.)

బండ తీయుటకు ముందు గనిలో పైమట్టిని ఎత్తివేయుదురు. దానితో అక్కడి మొక్కలును పోవును. కావున ఆ ప్రాంతపు విద్యార్థులు వానలు వెనుకబట్టిన తరువాత పెన్సిలు, భూతద్దముతో గుట్టలకు పోయి, మొక్కను పెరుకక, అది నిలిచిన బండతోసహా గీయవలెను. రాక్స్‌బరో పటమునకు లేనిది వారి పటమునకు వచ్చును. క్రింద తేదీ, చోటు, గీసినవారి పేరు వ్రాయుట మరువరాదు.